పాత ఉలికి పదును చాలు, మెరుపు అక్కర్లేదు

పాత ఇనుము కొట్టు గుట్టలోంచి ఒక ఉలి చేతికొస్తే తుప్పు చూసి బెంగపడకండి. దాన్ని తిరగేసి వీపు చూడండి. ఉలికి ఒకవైపు ఏటవాలుగా నూరిన ముఖం ఉంటుంది, రెండోవైపు చదునైన వీపు ఉంటుంది. ఆ వీపు మీద, అంచు నుంచి రెండంగుళాల మేర, బొటనవేలి గోటితో నెమ్మదిగా గీయండి. గోరు సాఫీగా జారిపోతే అది పై తుప్పే, అరగంటలో పోతుంది. గోరు గుంటల్లో తట్టుకుంటుంటే మాత్రం తుప్పు ఉక్కును తినేసినట్టే. ఎంత నూరినా, పదును ఒక గుంట దాకా వచ్చిన ప్రతిసారీ అంచులో పన్ను ఊడినట్టు చిన్న ఖాళీ పడుతుంది. కొయ్య మీద ఆ ఖాళీ గీతలా తేలుతుంది. ముఖం వైపు గుంటలు ఎన్నున్నా ఫరవాలేదు. పదునుకు ఆధారం వీపే.

పాత పనిముట్టును బాగుచేయడమంటే దాన్ని మళ్ళీ పనికి తేవడం. మెరిపించడం వేరే పని. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల మంచి సామాను చాలా పాడవుతోంది. తుప్పు పట్టి పోయిన ఉలుల కన్నా, తుప్పు వదిలిస్తామని గ్రైండరు కింద పెట్టడం వల్ల పోయినవే ఎక్కువని నా గట్టి అభిప్రాయం. తుప్పు ఏళ్ళ తరబడి తినేదాన్ని గ్రైండరు అర నిమిషంలో తినేస్తుంది.

ఇలాంటి సామాను విశాఖలో ఎందుకు తేలుతుందో ఊరి చరిత్ర చూస్తే తెలుస్తుంది. 1933లో రేవు మొదలైంది. 1941లో సింధియా ఓడల కంపెనీ వారి నౌకానిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. అక్కడ కట్టిన జల ఉష అనే ఓడ 1948లో నీళ్ళలోకి దిగింది. వాల్తేరుకి రైలు అంతకు ముందే వచ్చింది. ఓడలో చెక్కపని ఉంటుంది. పోత పోయాలంటే ముందు కొయ్యతో నమూనా చెక్కాలి. చేపల రేవులో చెక్క పడవల మరమ్మతు సరేసరి. ఇంత పని జరిగిన ఊళ్ళో వడ్రంగుల పెట్టెలు ఎన్ని అటకలెక్కి ఉంటాయో, వాటిలో ఎన్ని మనవల కాలంలో తూకానికి పోయుంటాయో ఊహించుకోవచ్చు.

గాజువాక ఆటోనగర్ వైపు పాత ఇనుము కొట్లు, పూర్ణా మార్కెట్ చుట్టూ ఉన్న పాత సందులు తిరగండి. అంతకన్నా మంచి చోటు, పని మానేసిన వడ్రంగి ఇల్లు. కొట్లో "పాత టూల్స్ ఉన్నాయా" అంటే స్పానర్లు చూపిస్తారు. "బాబాయ్, చెక్కపని సామాను ఏమైనా వచ్చిందా? చిత్రిక, బర్మా, రంపం?" అని పేరుపెట్టి అడగండి. చిత్రిక అంటే చెక్కను నునుపు చేసేది, బర్మా అంటే చిల్లులు పొడిచేది. సరుకు విడదీయకముందే వెళ్ళడం మంచిది. తుక్కు కొట్లో పోత ఇనుము ఒక పక్కకి, ఉక్కు ఒక పక్కకి, ఇత్తడి ఇంకో పక్కకి పోతాయి. ఇత్తడికి ధర ఎక్కువ కాబట్టి ఇనప చిత్రిక వెనక, బ్లేడు లోతు తిప్పడానికి ఉండే చక్రాన్ని, రంపం పిడికి బిగించిన మరలను ముందే పీకేస్తారు. ఆ చక్రం లేని చిత్రిక దొరికితే ఆనందపడి కొనకండి. పాత స్టాన్లీ కంపెనీ చిత్రికల్లో ఆ చక్రం తిరిగే మర అంగుళంలో 32వ వంతులు 9 ఉండే లావు, అంగుళానికి 24 చుట్లు, పైగా ఎడమవాటం. ఏ హార్డ్‌వేర్ కొట్టులోనూ దొరకదు. కొలత కలవని నట్టును బలవంతంగా ఎక్కిస్తే ఉన్న మరలను కొరికేస్తుంది.

ఇంకో సంగతి. గుట్టలో ఉక్కు స్కేలు దొరికి, దాన్ని మామూలు స్కేలు పక్కన పెడితే అడుగు దగ్గర అంగుళంలో ఎనిమిదో వంతు పొడుగు వచ్చిందంటే అది తప్పు స్కేలు కాదు. పోతపనికి నమూనాలు చెక్కేవాళ్ళది. పోత ఇనుము చల్లారేటప్పుడు సుమారు నూటికి ఒకటి వంతు కుంచించుకుపోతుంది కాబట్టి ఆ లెక్క కలిపి గీసిన స్కేలు అది. దాంతో తలుపు కొలిస్తే తలుపు పట్టదు. దాచుకోండి, వాడకండి.

కొనేముందు చిత్రికను విప్పి చూడాలి. కొట్టువాడు విప్పనివ్వకపోతే వదిలేయడమే మేలు. బ్లేడు బయటికి వచ్చే సందును నోరు అంటాను. ఆ నోటి రెండు మూలల్లో, పక్క గోడలు అడుగుకి కలిసే చోట, వెంట్రుకవాసి పగుళ్ళు ఉండొచ్చు. తుప్పు కింద అవి కనిపించవు. బ్లేడు, పిడి తీసేసి ఉత్త పోత భాగాన్ని వేలిమీద వేలాడదీసి చిన్న చెక్కముక్కతో కొట్టండి. గంటలా మోగితే మంచిది. పగిలిన కుండలా బొంగురుగా పలికితే పెట్టేయండి. పోత ఇనుమును వెల్డింగ్ చేయిస్తే పక్కనే ఇంకోచోట పగలొచ్చు, అడుగు వంకరపోవచ్చు. తర్వాత బ్లేడు పొడవు. ఇంగ్లండులోని షెఫీల్డు ఊళ్ళో చేసిన పాత బ్లేడుల్లో మెత్తటి ఇనుము మీద గట్టి ఉక్కు పలక అతికి ఉంటుంది, ఆ ఉక్కు మధ్యనున్న గాడి దాకా పోదు. అరిగి అరిగి గాడికి అరంగుళం దూరానికి వచ్చిన బ్లేడులో పదును నిలిచే ఉక్కు మిగలదు. దాని మీద కాస్ట్ స్టీల్ అని ముద్ర ఉంటే పోత ఇనుమని పొరబడకండి. అది మూసలో కరిగించిన ఉక్కు. షెఫీల్డులో హంట్స్‌మన్ అనే ఆయన 1740ల్లో మొదలుపెట్టిన పద్ధతి అది. మూసలో ఉక్కు చేయడం తెలుగునాట కోనసముద్రం కమ్మరులకు కూడా తెలుసు, ఇంగ్లీషువాళ్ళు వూట్జ్ అన్నది మన ఉక్కు మాటకి దగ్గరి చుట్టమే. అందుకే ఆ ముద్ర కనిపిస్తే ధర కాస్త ఎక్కువ చెప్పినా ఆలోచించాలి.

పేరు లేనివాటిని తక్కువ చేయొద్దు. ఊరి కమ్మరి లారీ కమాను పట్టీతో కొట్టిన ఉలి పేరున్న ఉలికి తీసిపోదు. కొత్త ఆకురాయి అంచుతో పదును దగ్గర ఒకసారి గీకి చూడండి. ఆకురాయి జారిపోతే ఉక్కు గట్టిగా ఉన్నట్టు. చక్కగా కొరికి రజను రాలితే మెత్తబడినట్టు.

ఇక తుప్పు. ముందు డీజిల్‌లో గాని కిరోసిన్‌లో గాని ఒక రాత్రి నానబెట్టి, ఇత్తడి బ్రష్షుతో రుద్దండి. సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. నల్లగా, గట్టిగా, నునుపుగా మిగిలిన పొరను ముట్టుకోకండి. అది ఎర్ర తుప్పులాంటిది కాదు, కింది ఇనుమును కాస్త కాపాడుతుంది. దాన్ని గీకి తెల్లటి లోహం బయటపెడితే సముద్రపు గాలికి కొత్త ఒళ్ళు చూపించినట్టే.

మొండి తుప్పుకు నిమ్మ ఉప్పు బాగుంటుంది. లీటరు నీటికి 50 గ్రాములు, ప్లాస్టిక్ డబ్బాలో. గంటకొకసారి తీసి బ్రష్షు వేసి చూడాలి. మూడు నాలుగు గంటలు మామూలుగా సరిపోతాయి. రాత్రంతా వదిలేస్తే ఆమ్లం తుప్పు అయిపోయాక ఉక్కును పట్టుకుంటుంది, పైభాగం బూడిదరంగులో గరుకుగా తేలుతుంది. కొట్లో దొరికే వెనిగర్ కూడా పనిచేస్తుంది, నెమ్మదిగా. ఇత్తడి భాగాలకు మాత్రం మన చింతపండే చాలు. ఆమ్లంలోంచి తీశాక జరిగే పొరపాటు మన ఊళ్ళో మరీ ఎక్కువ. తీసి గట్టుమీద పెట్టి చాయ్ తాగి వచ్చేలోపు మళ్ళీ నారింజరంగు పొడి కమ్ముకుంటుంది. కాబట్టి అన్నీ ముందే సిద్ధం చేసుకోవాలి. లీటరు నీటికి రెండు పెద్ద చెంచాల తినే సోడా కలిపిన బకెట్టులో పది నిమిషాలు ఉంచండి, తర్వాత మరిగిన నీళ్ళు పోయండి. ఇనుము వేడెక్కితే తడి దానంతటదే ఆరిపోతుంది. ఇంకా వెచ్చగా ఉండగానే నూనె రాయాలి. వాన కురిసే రోజు ఈ పని పెట్టుకోకండి.

కరెంటుతో తుప్పు తీయడం ఇంకా మెత్తని పద్ధతి, ఉక్కును అసలు తినదు. నాలుగు లీటర్ల నీటికి ఒక పెద్ద చెంచా చాకలి సోడా, 12 వోల్టుల బ్యాటరీ చార్జరు. నెగెటివ్ తీగ పనిముట్టుకి, పాజిటివ్ తీగ ఒక పాత ఇనుపముక్కకి. తలకిందులైతే మీ చిత్రిక కరిగిపోతుంది. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకండి, నీటిలోకి విషపు క్రోమియం దిగుతుంది. సోడా బదులు ఉప్పు వేయకండి, క్లోరిన్ వాయువు వస్తుంది. పైకి లేచే బుడగలు హైడ్రోజన్, కాబట్టి గది మూసి చేయకూడదు, దగ్గర అగ్గి ఉండకూడదు. పలుచని రంపాలను దీన్లోనూ, ఆమ్లంలోనూ ఎక్కువసేపు పెట్టకండి. స్ప్రింగులాంటి ఉక్కు హైడ్రోజన్ పీల్చి పెళుసుబారే ప్రమాదం ఉంది. రంపానికి చెక్కముక్కకి చుట్టిన 220 నంబరు ఉప్పుకాగితం, కిరోసిన్ చాలు.

ఇనప చిత్రికను పనికి తేవడం అసలు పరీక్ష. ముందు బ్లేడు ఆనే పీఠం. దాన్ని ఫ్రాగ్ అంటారు. దాని కింద, శరీరం మీద పాత జిడ్డు, రంపపు పొట్టు గట్టిపడి ఉంటాయి. రెండు ముఖాలూ శుభ్రంగా ఒకదానికొకటి ఆనకపోతే ఎంత పదునున్నా చిత్రిక గిలగిలలాడుతూ అలలు అలలుగా కోస్తుంది. చాలామంది ఇది వదిలేసి అడుగు రుద్దడం మొదలుపెడతారు.

అడుగు చదును చేసేటప్పుడు బ్లేడు బిగించే ఉంచాలి, అంచు మాత్రం లోపలికి లాగాలి. బిగింపుకి పోత కొద్దిగా వంగుతుంది, ఆ వంపుతోనే చదును కావాలి. 10 మిల్లీమీటర్ల గాజుపలక మీద 80 నంబరు కాగితం అతికించండి, అడుగు మీద మార్కరుతో గళ్ళు గీయండి, పది తోపులు తోయండి. గీతలు ఎక్కడ పోయాయో అక్కడ ఎత్తు. ముందు కొన, నోటికి ముందున్న పట్టీ, వెనక కొన, ఈ మూడుచోట్ల గీతలు పోతే ఆపేయండి. మధ్యలో గీతలు మిగిలాయని అడుగంతా అద్దం చేయాలని పట్టుపడితే పోత పలచనవుతుంది, నోరు వెడల్పవుతుంది. నోరు వెడల్పైన చిత్రిక సన్నని పొట్టు తీయలేదు. 80 తర్వాత 120, చివర 220, అంతే. పక్కలు రుద్దకండి. పాత నల్ల రంగు ముప్పాతికవంతు మిగిలుంటే దాన్ని అలాగే ఉంచండి. పాత రంగులో సీసం ఉండొచ్చు, పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

బ్లేడు పైన బిగించే క్యాప్ ఐరన్‌ని ఎవరూ పట్టించుకోరు. పొట్టు నోట్లో ఇరుక్కుంటుందని వినిపించే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. రెండూ బిగించి దీపానికి ఎదురుగా పట్టుకోండి, అంచు దగ్గర వెలుగు గీత కనపడకూడదు. కనిపిస్తే క్యాప్ ఐరన్ అంచును రాయి మీద, వెనక కొన రాయి మట్టానికి కొంచెం కిందికి వంచి నూరండి. అప్పుడు అంచు మాత్రమే బ్లేడుకి ఆనుతుంది. పైవంపును నున్నగా చేయండి, పొట్టు జారాలి. దాని అంచు బ్లేడు అంచుకి ఎంత వెనకుండాలి? మామూలు పనికి ఒక మిల్లీమీటరు. నార ఎదురు తిరిగే టేకుకి, వంకర చెక్కకి అర మిల్లీమీటరు కన్నా తక్కువ. ఈ ఒక్క సర్దుబాటుతో చెక్క చీలడం ఆగిపోతుంది. కొత్త బ్లేడు కొంటేనే తీరుతుందనుకున్న బాధ ఇలా ఉచితంగా తీరుతుంది.

లోతు తిప్పే ఇత్తడి చక్రం బిగుసుకుపోతే కట్టరు పెట్టి తిప్పకండి. మర ఎడమవాటం, మామూలు వాటంలో బలంగా తిప్పారంటే ఆ కడ్డీ విరుగుతుంది. రెండు రోజులు డీజిల్ చుక్కలు వేసి, తర్వాత మృదువుగా ముందుకీ వెనక్కీ కదపండి.

ఉలుల విషయంలో గ్రైండరు చేసే హాని గురించి విడిగా చెప్పాలి. ఉక్కు వేడెక్కే కొద్దీ రంగులు మారుతుంది. గడ్డిరంగు 220 డిగ్రీల దగ్గర వస్తుంది, గోధుమ, ఊదా దాటి 300 దగ్గర నీలం వస్తుంది. అంచు నీలమైతే అక్కడి గట్టిదనం పోయినట్టే. గబుక్కున నీళ్ళలో ముంచితే సరిపోతుందని చాలామంది నమ్ముతారు. రంగు మారకముందు ముంచితే ఉపయోగం, మారాక ముంచితే తిరిగి రాదు. నీలమైన ఉలి దొరికితే ఆ భాగం పోయేదాకా చేత్తోనే రాయి మీద నూరండి, మామూలుగా రెండు మూడు మిల్లీమీటర్లు. లోపలికి ఎక్కువగా మెత్తబడితే మళ్ళీ కాల్చి గట్టిపరచాలి: చెర్రీ ఎరుపు దాకా, అయస్కాంతం పట్టనంత వేడి చేసి, నూనెలో నిలువుగా ముంచి, తర్వాత 200 డిగ్రీల ఓవెన్‌లో ఒక గంట. అడ్డంగా ముంచితే వంగిపోతుంది. ఆ ఓవెన్ మెట్టు వదిలేసిన ఉలి గాజులా విరుగుతుంది.

కోణానికి పరికరం అక్కర్లేదు. ఉలి మందం ఆరు మిల్లీమీటర్లయితే, నూరిన ముఖం పొడవు 12 ఉంటే కోణం 30 డిగ్రీలు, 14 ఉంటే 25. మెత్తటి చెక్కలో చేత్తో తోసి చెక్కడానికి 25 చాలు, సుత్తి దెబ్బలకి 30. టేకులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, అది అంచును త్వరగా తింటుంది. టేకుకి, తుమ్మకి 30 కన్నా తగ్గించకండి. కార్బొరండం రాయి ముతక వైపు, సన్న వైపు, తర్వాత తోలుముక్క. ఖరీదైన రాళ్ళు లేకుండానే చేతిమీది వెంట్రుకలు గొరిగే పదును వస్తుంది. రాయి మధ్యలో గుంటపడి ఉంటే మాత్రం ముందు రాయినే గాజుపలక మీద ఇసుకా నీళ్ళూ వేసి రుద్ది చదును చేయాలి, లేకపోతే వీపు ఎప్పటికీ చదును కాదు.

పిడికి తుమ్మ కొయ్య. ఏటికొప్పాక బొమ్మల అంకుడు అందంగా ఉంటుంది, లేతు మీద బాగా తిరుగుతుంది. కానీ మెత్తన, సుత్తి దెబ్బకి ఆగదు. వానాకాలంలో తడి ఆరని కొయ్యతో పిడి చేస్తే వేసవికి వదులైపోతుంది. గొట్టం ఉన్న ఉలికి పిడి సరిగ్గా దిగిందో లేదో చూడ్డానికి గొట్టం లోపల కొవ్వొత్తి మసి పట్టించండి. పిడిని గుచ్చి తీస్తే ఎక్కడ తగులుతోందో నల్లగా తేలుతుంది, అక్కడ మాత్రమే గీకండి. చివర గొట్టం అంచుకీ పిడి భుజానికీ మధ్య మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉంచండి, దెబ్బలకి పిడి ఇంకా దిగాలి కదా. పైన అవిసె నూనె రాస్తే చాలు. ఆ నూనె గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేయొద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరేయండి.

కొయ్య చిత్రికలను నూనెలో నానబెట్టే అలవాటు కూడా మానుకోవాలి. బ్లేడును బిగించే కొయ్య మేకు జారిపోయి బ్లేడు నిలవదు. చిన్న చిల్లుల్లోంచి సన్నని పొడి రాలుతుంటే పురుగు బతికే ఉన్నట్టు, అలాంటిదాన్ని ఇంట్లోకే తేకండి.

రంపం గురించి క్లుప్తంగా. వంచి వదిలితే నిటారుగా తిరిగి రావాలి. ఒకచోట మడత పడి ఉంటే ఆశ వదులుకోండి. పళ్ళ వరస దగ్గర గుంటలుంటే పళ్ళు విరుగుతాయి. పళ్ళు అరిగినంత మాత్రాన పారేయక్కర్లేదు: ముందు చదును ఆకురాయితో పళ్ళ తలలన్నీ ఒక మట్టానికి తెచ్చి, తర్వాత మూడు పలకల ఆకురాయితో ఒక్కో గాడి దిద్ది, పళ్ళను ఒకటి విడిచి ఒకటి అటూ ఇటూ వంచాలి. పచ్చి కొయ్యకి ఆ వంపు ఎక్కువ కావాలి. చెక్కపిడి నాజూకైన పాత రంపాల్లో పిడి మరలకి మధ్యలో ఖాళీ ఉన్న స్క్రూడ్రైవరు కావాలి, మామూలుదాన్ని ఆకురాయితో అలా మలుచుకోవచ్చు.

"ఇంత కష్టమెందుకు, కొత్తది కొంటే పోలా?" అనేవాళ్ళ మాటలో న్యాయం లేకపోలేదు. పాతదానికి కొత్తదాని ధర అడిగితే కొత్తదే కొనండి. కానీ చవక కొత్త చిత్రికకు కూడా అడుగు చదును చేయాలి, క్యాప్ ఐరన్ దిద్దాలి, వీపు నూరాలి. పని రెండిటికీ ఒక్కటే, పాతదాంట్లో ఉక్కు మేలు. పైగా వానాకాలంలో ఉబ్బి గడపకి పట్టేసిన తలుపును సరిచేయాలంటే కరెంటు చిత్రిక కన్నా పదునైన చేతి చిత్రికే తొందర. నాలుగు తోపుల్లో తలుపు పడుతుంది, ఇంట్లో దుమ్ము లేవదు.

బాగుచేశాక కాపాడుకోవడం మన ఊళ్ళో సగం పని. బీచ్ రోడ్డు దగ్గరి ఇళ్ళలో గాలిలోంచి సన్నని ఉప్పు అన్నిటిమీదా కూర్చుంటుంది. గాలిలో తేమ నూటికి 75 దాటితే ఆ ఉప్పు నీటిని లాక్కుని కరుగుతుంది, తుప్పు అక్కడే పుడుతుంది. ఉప్పు నూనెలో కరగదు. అందుకని ఉప్పు మీదే నూనె రాస్తే దాన్ని లోపల బంధించినట్టే. ముందు మంచినీటి తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ, ఆ తర్వాతే నూనె. కుట్టుమిషన్ నూనె రోజువారీకి బాగుంటుంది. కొబ్బరినూనె కొన్నాళ్ళకి ముక్కిపోతుంది. వాడేసిన ఇంజన్ ఆయిల్‌లో ఆమ్లాలుంటాయి, వద్దు. నెలల తరబడి పెట్టెలో ఉండేవాటికి తేనెమైనం ఒక భాగం, టర్పెంటైన్ మూడు భాగాలు. మైనాన్ని వేడినీటి గిన్నెలో కరిగించి, పొయ్యి ఆర్పాకనే టర్పెంటైన్ కలపండి. గోనెసంచిలో, వార్తాపత్రికలో చుట్టకండి, రెండూ తేమ పీల్చి పట్టుకుంటాయి.

దసరాకి ఆయుధ పూజ చేస్తారు కదా, ఉలికి చిత్రికకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెడతారు. పెట్టాలి కూడా. కాకపోతే తడి పసుపు ఆరేదాకా నీటిని పట్టుకునే ఉంటుంది, వారం వదిలేస్తే బొట్టున్న చోట బొట్టంతే గుండ్రంగా తుప్పు మచ్చ తేలుతుంది. బొట్టును పిడి మీద పెట్టండి, లోహం మీద పెట్టినదాన్ని మర్నాడు పొద్దున్నే తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఆర్పి, నూనె రాయండి.